మే 15, సాన్ ఇసిద్రో మైదానం

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన ఒక చిన్న చిత్రం ఉంది. ఎత్తు దాదాపు 42 సెంటీమీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్ల పైచిలుకు. ఒక మనిషి చేతులు చాపి పట్టుకుంటే రెండంచులూ సులువుగా అందుతాయి. అంత జాగాలో ఒక నది, ఒక రాజధాని నగరం, ఒక తిరునాళ్లకు వచ్చిన జనసముద్రం పట్టాయి. పేరు ‘సాన్ ఇసిద్రో మైదానం’. సంవత్సరం 1788.

చిత్రం అడుగు అంచున ఒక గుట్ట. ఆ గుట్ట మీద కొన్ని జంటలు తీరికగా కూర్చున్నాయి. ఆడవాళ్ల చేతుల్లో ఎండ గొడుగులు. తాగేవాళ్లు తాగుతున్నారు, కబుర్లాడేవాళ్లు కబుర్లాడుతున్నారు. మనం కూడా వాళ్ల వెనకే గడ్డి మీద కూర్చుని, వాళ్ల భుజాల మీదుగా కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. కింద మైదానమంతా జనం, గుర్రపు బగ్గీలు, డేరాలు. దూరం పెరిగేకొద్దీ మనుషులు మనుషుల్లా ఉండరు. ఒక తెల్లచుక్క, దాని కింద ఒక నల్లగీత, పక్కన చిన్న ఎర్రమరక. ముక్కు ఆనించి చూస్తే అవి కేవలం కుంచె ముద్రలు. రెండడుగులు వెనక్కి జరిగితే ఆ చుక్కలే నడుస్తాయి, గుంపులు కడతాయి. బియ్యపుగింజంత రంగుతో గోయా ఒక మనిషి నడకను పట్టుకున్నాడు. జనానికి అవతల మన్సనారెస్ నది. నదికి ఆవలి గట్టు మీద మాడ్రిడ్ నగరం తెల్లగా, లేత గులాబీరంగులో మెరుస్తూ ఉంటుంది. ఎడమవైపు రాజభవనం, కుడివైపు సాన్ ఫ్రాన్సిస్కో చర్చి పెద్ద గుమ్మటం. ఈ బొమ్మ గీసేనాటికి ఆ చర్చి పూర్తయి నాలుగేళ్లే.

దీన్ని చూసినవాళ్లలో చాలామంది రెండు మాటలంటారు. ఇది రొకోకో శైలి, అంటే 18వ శతాబ్దపు ఫ్రాన్సులో పాకిన తేలికైన, సొగసైన శైలి చిత్రమనేది మొదటిది. అప్పటికి గోయా మనసు సంతోషంగా ఉంది కనుకే ఇంత వెలుగు వచ్చిందని, ముసలితనంలో మనసు చీకటైపోయాక నల్లని బొమ్మలు గీశాడనేది రెండోది. మొదటి మాట సగమే నిజం. రెండోది, నాకు తెలిసినంతలో, అబద్ధం. ఈ రెండు చిక్కులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ముడి విప్పాలంటే ముందు ఆ తిరునాళ్ల సంగతి తెలియాలి.

ఇసిద్రో సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటి రైతుకూలీ. హువాన్ దె వర్గాస్ అనే ఆసామి పొలంలో అరక దున్నేవాడని చెబుతారు. అతను ప్రార్థనలో మునిగిపోతే దేవదూతలు వచ్చి నాగలి పట్టి చాలు పూర్తి చేసేవారని కథ. ఒకనాడు ఎండలో దాహంతో అల్లాడుతున్న యజమాని కోసం నేలను పొడిస్తే నీటి ఊట పైకి ఉబికిందని మరో కథ. ఆ ఊట ఉన్నచోటే 1528లో ఇసబెల్ మహారాణి ఒక చిన్న గుడి కట్టించింది. కొడుక్కి జ్వరం తగ్గినందుకు అది ఆమె మొక్కు అంటారు. ఇప్పుడున్న కట్టడం 1725 నాటిది. 1622లో రోము ఇసిద్రోను సెయింట్‌గా ప్రకటించింది. అదే రోజు ఇగ్నేషియస్ లొయోలా, ఫ్రాన్సిస్ జేవియర్, తెరెసా వంటి మహామహులకూ ఆ గౌరవం దక్కింది. మఠాలు స్థాపించినవాళ్ల సరసన ఒక పాలేరు నిలబడ్డాడు. రాజధాని నగరం అతణ్నే తన రక్షకుడిగా ఎంచుకుంది.

మే 15 అతని పండుగ. ఎండలు ముదిరి గడ్డి మాడకముందు, వసంతం చివరి రోజుల్లో వస్తుంది. ఊరి జనం వంతెన దాటి నది ఆవలికి వెళతారు. గుడి దగ్గర ఊటనీళ్లు తాగుతారు, మైదానంలో కూర్చుని తెచ్చుకున్నది తింటారు, పొద్దు వాలేదాకా ఆడి పాడతారు. మన తిరునాళ్ల సందడి తెలిసినవాళ్లకు దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ఈ పండుగ నేటికీ జరుగుతోంది. ఆ రోజు అమ్మే చక్రాల్లాంటి తీపి వంటకాల్లో పైన పంచదార పూత లేని సాదావాటిని ‘తెలివితక్కువవి’ అనీ, పూత పూసినవాటిని ‘తెలివైనవి’ అనీ పిలుస్తారు. ఆ పేర్లు వింటే నాకు ఆ జనం మీద ఇష్టం పెరుగుతుంది.

ఇక చిత్రం దగ్గరికి వద్దాం. గోయా దీన్ని ఎవరి కోసం గీశాడు? మ్యూజియం గోడ కోసం కాదు. అసలు ఇది ‘పూర్తయిన’ చిత్రమే కాదు. ఒక పెద్ద నేతపనికి నమూనా.

మాడ్రిడ్ దగ్గర్లో ఎల్ పార్దో అని రాజుగారి వేట విడిది ఉంది. చలికాలంలో రాజకుటుంబం అక్కడ బస చేసేది. రాతిగోడల చల్లదనం తగ్గడానికి, కంటికి ఇంపుగా ఉండడానికి, గదుల గోడల నిండా టాపెస్ట్రీలు వేలాడదీసేవారు. అంటే ఉన్ని, పట్టు దారాలతో బొమ్మలు నేసిన పెద్ద పెద్ద తెరలు. పూర్వం ఇవి నేటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ నుంచి వచ్చేవి. 1713 ఒప్పందంతో ఆ ప్రాంతం స్పెయిన్ చేజారింది. దాంతో రాజు ఆంట్‌వెర్ప్ నుంచి నేతగాళ్ల కుటుంబాన్ని పిలిపించి, మాడ్రిడ్‌లోనే సాంతా బార్బరా కర్మాగారం పెట్టించాడు. నేత పద్ధతి ఇదీ: చిత్రకారుడు ముందు చిన్న నమూనా గీసి రాజుగారికి చూపించాలి. ఆయన సరేనంటే, గోడ కొలతకు తగ్గట్టు నిలువెత్తు చిత్రం గీయాలి. ఆ పెద్ద చిత్రాన్ని కార్టూన్ అంటారు. నేటి పత్రికల కార్టూన్‌తో దీనికి పోలిక లేదు. మగ్గం దగ్గర నేతగాళ్లు ఆ కార్టూన్ చూసుకుంటూ, పడుగులోకి రంగు రంగుల పేక ఎక్కిస్తూ అంగుళం అంగుళం నేస్తారు. నేత పూర్తయ్యాక కార్టూన్ పని అయిపోయినట్టే. చుట్టచుట్టి మూలన పడేస్తారు. గోయా కార్టూన్లు ఎన్నో దశాబ్దాలు అలాగే చుట్టల్లో పడి ఉండి, 1869 ప్రాంతంలో రాజభవనం అడుగు గదుల్లో తిరిగి బయటపడ్డాయి.

1775 నుంచి గోయా ఈ పనిలో ఉన్నాడు. మొత్తం మీద 60కి పైగా కార్టూన్లు గీశాడు. నేతగాళ్లకు అతనితో తంటాలు తప్పలేదు. వాళ్లకు కావలసింది స్పష్టమైన అంచులు, విడివిడి రంగులు. అతను గీసేది కలిసిపోయే నీడలు, గాలిలో కరిగే దూరాలు. 1778లో గీసిన ‘గుడ్డి గిటారు గాయకుడు’ కార్టూన్‌ను నేయడం మా వల్ల కాదు, మార్చి ఇవ్వమని వాళ్లు వెనక్కి పంపారు.

అలాంటివాళ్ల చేతికి సాన్ ఇసిద్రో మైదానం వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఎల్ పార్దోలో రాజకుటుంబపు ఆడపిల్లల పడకగది కోసం ఉద్దేశించిన నేత అది. నేసి ఉంటే వెడల్పు ఏడు మీటర్లు దాటేది. నమూనాలో గింజంత ఉన్న ప్రతి మనిషినీ దారంతో నిలబెట్టాలి. చుక్క కుంచెకు లొంగుతుంది కానీ మగ్గానికి అంత తేలికగా లొంగదు. ఈ కష్టం గోయాకు ముందే తెలుసు. 1788 మే 31న, అంటే పండుగ జరిగిన పదహారు రోజులకు, సరగోసాలో ఉన్న బాల్యమిత్రుడు సపాతేర్‌కు రాసిన ఉత్తరంలో ఈ బొమ్మ ప్రస్తావన తెచ్చాడు. పండుగనాటి సందడితో సహా మైదానాన్ని గీయమన్నారని, ఈ పని చాలా కష్టంగా ఉందని, ముగిసేదాకా తనకు నిద్రా లేదు నెమ్మదీ లేదని, ఇలా బతకడాన్ని బతుకు అనకూడదని మొరపెట్టుకున్నాడు.

ఈ ఉత్తరం దగ్గర ఒక్కక్షణం ఆగాలి. లోకం మొత్తం చూసి ‘ఎంత హాయి’ అనుకునే బొమ్మను గీసినవాడు, గీస్తున్నప్పుడు హాయిగా లేడు. పని ఒత్తిడిలో నలుగుతున్నాడు. బొమ్మలోని తీరిక బొమ్మకు సంబంధించింది. అది ఏ గోడ మీదికి వెళ్లాలో ఆ గోడకు సంబంధించింది. గీసినవాడి గుండెలోది అదే అని అనుకోవడానికి మన దగ్గర ఆధారం లేదు, కాదనడానికి అతని చేతిరాతే ఉంది.

కథ ఇంకో మలుపు తిరిగింది. 1788 డిసెంబర్ 14న రాజు మూడో కార్లోస్ చనిపోయాడు. పడకగది పథకం ఆగిపోయింది. ఆ వరుసలో నిలువెత్తు కార్టూన్‌గా మారింది ఒక్క ‘కళ్లగంతల ఆట’ మాత్రమే. అందులో పట్టుబట్టల యువతీయువకులు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతుంటారు, మధ్యలో కళ్లకు గంతలు కట్టుకున్న కుర్రవాడు పెద్ద గరిటె చాపి ఒకరిని తాకబోతుంటాడు. మైదానం మాత్రం నమూనాగానే మిగిలింది. పదేళ్ల తర్వాత ఓసునా ప్రభువు దాన్ని కొన్నాడు. ఆ వంశం ఆస్తులు అమ్ముడుపోయినప్పుడు 1896లో ప్రాడోకు చేరింది. నేత ఆగిపోవడం మన అదృష్టమని నా అభిప్రాయం. ఏడు మీటర్ల తెర మీదికి వెళ్లి ఉంటే ఆ చుక్కలు బొమ్మలైపోయేవి, వాటి వణుకు పోయేది.

ఇప్పుడు శైలి సంగతి. రొకోకో అనే మాట ఫ్రెంచి ‘రొకాయ్’ నుంచి పుట్టింది. తోటల్లో కృత్రిమ గుహలకు గవ్వలు, గులకరాళ్లు అద్ది చేసే అలంకారపు పనిని అలా అనేవారు. ఆ వంపులు, ఆ తేలికదనం, ఒకవైపు ఒరిగిన ఆ సొగసు 18వ శతాబ్దపు ఫ్రాన్సులో గదుల గోడలకూ సామానుకూ చిత్రాలకూ పాకాయి. చిత్రకళలో ఆ శైలికి ఆద్యుడు ఆంత్వాన్ వాతో. 1717లో పారిస్ అకాడమీకి సితేరా ద్వీపయాత్ర చిత్రం సమర్పించినప్పుడు, దాన్ని ఏ తరగతిలో చేర్చాలో తోచక చివరికి ‘ఫెత్ గలాంత్’ అని నమోదు చేశారు. సరసమైన వేడుక అని చెప్పుకోవచ్చు. ఆ తర్వాత అదొక చిత్ర సంప్రదాయమే అయింది: ఒక తోట, మంచి బట్టల్లో జంటలు, సంగీతం, వంగిన మెడలు, పొద్దు వాలే వెలుగు.

ఈ కొలతలతో చూస్తే మైదానం రొకోకోకు దగ్గరి చుట్టమే. లేత రంగులు ఉన్నాయి. పట్టు మెరుపు ఉంది. చేయడానికి ఏ పనీ లేని మనుషులు ఉన్నారు. గొడుగులు ఉన్నాయి. నాటి మాడ్రిడ్‌కు ఈ శైలి కొత్తదీ కాదు. వెనిస్ నుంచి వచ్చిన చిత్రకారుడు తియెపొలో 1762 నుంచి చనిపోయేదాకా ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు, రాజభవనం సింహాసన మందిరం పైకప్పును మబ్బులతో, దేవతలతో నింపాడు. గోయా బొమ్మలో ఎడమవైపు తెల్లగా కనిపించే రాజభవనం అదే. అదే భవనంలో మరికొన్ని పైకప్పుల మీద మెంగ్స్ అనే జర్మన్ చిత్రకారుడి పని ఉంది. అతను రొకోకోకు ఎదురుగాలి. ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాల నిబ్బరం తిరిగి రావాలన్నవాడు. టాపెస్ట్రీ పనిలోకి గోయాను తీసుకున్నదీ అతని అజమాయిషీలోనే. అంటే రెండు శైలుల మధ్య కుస్తీ ఆ ఒక్క భవనం కప్పు కిందే నడిచింది. గోయా నదికి ఇవతల కూర్చుని దాన్ని దూరం నుంచి, అగ్గిపెట్టెంత చేసి గీశాడు.

మరి సగమే నిజం అని ఎందుకన్నాను? వాతో వేడుకకు ఊరు లేదు, తేదీ లేదు. సితేరా నిజంగా గ్రీసులో ఉన్న దీవే అయినా అతని చిత్రంలో అది ప్రేమదేవత కథల దీవి. పొద్దున్నా సాయంత్రమా, వెళుతున్నారా తిరిగివస్తున్నారా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ సందేహం ఆ చిత్రం అందంలో భాగం. గోయా వేడుకకు చిరునామా ఉంది. మే 15, మన్సనారెస్ పడమటి గట్టు, గుడి దగ్గరి గుట్ట. రాజభవనానికీ చర్చి గుమ్మటానికీ మధ్య దూరం చూసి, గోయా ఎక్కడ కూర్చున్నాడో ఈనాడు ఆ గుట్ట ఎక్కి సుమారుగా చెప్పవచ్చు. రొకోకో తోటలో పదిమంది ఉంటారు, అందరూ ఒకే తరగతి వాళ్లు. ఇక్కడ ఊరు ఊరంతా ఉంది. పైగా ఎవరు ఏ తరగతో తేల్చడం అంత సులువు కాదు. అప్పట్లో మాడ్రిడ్ పేటల్లోని కూలీనాలీ యువత బిగుతైన పొట్టికోట్లు, తలకు జాలీలు, ఒక రకం తెగువతో తిరిగేది. వాళ్లను మాహోలు, మాహాలు అనేవారు. ప్రభువుల ఇళ్లలో ఆ వేషమే మోజైంది. దొరసానులు మాహా బట్టలు కుట్టించుకుని వేడుకలకు వెళ్లేవారు. గుట్ట మీద కూర్చున్న ఆ గొడుగుల ఆడవాళ్లు నిజంగా ఎవరో బొమ్మ చెప్పదు. అందుకే నా లెక్కలో ఇది రొకోకో మాటల్లో చెప్పిన మాడ్రిడ్ వార్త. భాష పాతది, విషయం కొత్తది.

ఈ చీలిక గోయాలో అంతకుముందే కనిపిస్తుంది. 1786లో అదే ఎల్ పార్దో భోజనశాల కోసం నాలుగు రుతువులు గీశాడు. వసంతానికి పూలమ్మాయిలు, వేసవికి కళ్లం, శరత్తుకు ద్రాక్షకోత, అన్నీ సంప్రదాయం ప్రకారమే. చలికాలానికి వచ్చేసరికి నెగడు దగ్గర వేళ్లు కాచుకునే పెద్దమనుషుల్ని గీయలేదు. మంచుతుపానులో దుప్పట్లు కప్పుకుని గాలికి వంగి నడిచే మనుషుల్ని, చంపిన పందిని మోస్తున్న గాడిదను గీశాడు. రాజుగారు భోంచేసే గదిలో ఆ చలిని వేలాడదీయడానికి సిద్ధపడ్డాడు. గోడ అడిగిన భాషలోనే మాట్లాడుతూ, గోడ అడగనిది కూడా చెప్పడం అతనికి అప్పటికే అలవాటు.

ఇక రెండో చిక్కు. 1819 ఫిబ్రవరిలో, డెబ్బై మూడేళ్లు నిండబోతుండగా గోయా నగరం నుంచి చూస్తే నది ఆవలి గట్టున ఒక తోట ఇల్లు కొన్నాడు. దాని పేరు ‘కింతా దెల్ సోర్దో’, చెవిటివాని తోట. గోయాకు 1793 నాటికే వినికిడి పోయినా ఆ పేరు అతని వల్ల రాలేదు, అంతకుముందు అక్కడ ఉన్న మరో చెవిటివాడి పేరు మీద వచ్చింది. ఆ ఇల్లు సాన్ ఇసిద్రో మైదానానికి దగ్గర్లోనే ఉంది. 1820 నుంచి 1823 మధ్య ఆ ఇంటి గోడల సున్నం మీద, ఎవరూ అడగకుండా, తైలవర్ణాలతో పద్నాలుగు బొమ్మలు గీశాడు. వాటినే నల్లని చిత్రాలంటారు. వాటిలో ఒకటి, నాలుగు మీటర్లకు పైగా పొడవున్నది, ‘సాన్ ఇసిద్రో యాత్ర’. ఈ పేరు గోయా పెట్టింది కాదు, తర్వాతివాళ్లు పెట్టారు. 1874 నుంచి ఆ బొమ్మలను గోడల మీద నుంచి ఊడదీసి కాన్వాసు మీదికి మార్చారు, 1881లో ప్రాడోకు ఇచ్చారు.

ఇందులో నగరం లేదు, నది లేదు, గొడుగు లేదు. బురదరంగు కొండలు. వాటి మీదుగా పాములా సాగే జనం. ముందు ఒక ముద్దలా కలిసిపోయిన మొహాలు, తెరిచిన నోళ్లు, పైకి తేలిన కళ్లు. ఒకడు గిటారు మీటుతూ గొంతెత్తి పాడుతున్నాడు. ఆ పాట సంతోషమో ఏడుపో చెప్పలేం. మొదటి బొమ్మలో జనం చుక్కలు, వాళ్లకు మొహాలు లేవు. రెండో బొమ్మలో మొహాలు తప్ప ఇంకేమీ లేదు. మొదటిదాంట్లో మనం గుట్ట మీద నుంచి చూస్తున్నాం. రెండోదాంట్లో వాళ్లు మన మీదికి వస్తున్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘అప్పుడు సుఖం, ఇప్పుడు దుఃఖం’ అని గీత గీయడం తేలిక. ఆ గీత నిలబడదు. 1788 నాటికే గోయా ఇంట్లో పురిటిలోనో పసితనంలోనో పోయిన బిడ్డలు ఎందరో. అతని సంతానంలో పెద్దవాడైంది హావియేర్ ఒక్కడే. అంతకన్నా గట్టి రుజువు అదే ఏడాది గీసిన మరో చిత్రం. మైదానం గీసిన 1788లోనే, తర్వాత దాన్ని కొన్న ఓసునా కుటుంబం కోసమే, వలెన్సియా కెథడ్రల్‌కు ఒక పెద్ద చిత్రం చేశాడు. మంచం మీద పశ్చాత్తాపం లేని మనిషి ప్రాణం పోతూ బిగుసుకుపోయి ఉంటాడు. సెయింట్ ఫ్రాన్సిస్ బోర్జా చేతిలోని శిలువ నుంచి నెత్తురు చిమ్ముతుంది. మంచం వెనక చీకట్లోంచి వికృతమైన జంతుమొహాల భూతాలు తొంగిచూస్తుంటాయి. గోయా చిత్రాల్లో భూతాలు తొలిసారి కనిపించింది అక్కడే. ఒకే ఏడు, ఒకే చేయి: ఒకచోట గొడుగుల గుట్ట, ఇంకోచోట భూతాల మంచం. ఒకటి పడకగదికి, ఒకటి గుడికి.

కనుక మారింది మనసు ఒక్కటే అనుకుంటే పొరపాటు. మారింది గోడ. ఎల్ పార్దో గోడకు యజమాని ఉన్నాడు. ఆ గోడ కింద పిల్లలు నిద్రపోవాలి. వలెన్సియా గోడకు భయభక్తులు కావాలి. కింతాలో గోడ అతనిదే, యజమానీ అతనే, చూసేవాడూ అతనే. ఫ్రెంచి దండయాత్ర, ఆకలి, రాజు పగబట్టి తెచ్చిన నిర్బంధం, ఒంటిని రెండుసార్లు పడగొట్టిన జబ్బు, ఇవన్నీ ఆ మధ్య ముప్పై ఏళ్లలో జరిగాయి. వాటి ముద్ర లేదని ఎవరూ అనరు. కానీ అవి రాకముందు అతనికి చీకటి తెలియదనడం తప్పు. తెలుసు. ఆ తెలిసినవాడే ఆ మే నెల వెలుగును, ఆ దూరపు గులాబీరంగు ఊరిని అంత జాగ్రత్తగా, నిద్ర మానుకుని, గింజ గింజగా పేర్చాడు. నాకు ఆ బొమ్మ మీద గౌరవం పెరిగింది ఈ సంగతి తెలిశాకే.

1824లో గోయా స్పెయిన్ వదిలి ఫ్రాన్సు వెళ్లాడు, 1828లో బోర్దోలో కన్నుమూశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత స్పెయిన్ అతని అస్థికలను కోరింది. సమాధి తెరిస్తే పుర్రె లేదు. మిగిలిన ఎముకలు 1899లో మాడ్రిడ్ చేరాయి. 1919లో సాన్ అంతోనియో దె లా ఫ్లోరిదా గుడికి, అతను తన చేత్తో బొమ్మలు వేసిన గుమ్మటం కిందికి మార్చారు. అప్పటిదాకా 1900 నుంచి పందొమ్మిదేళ్లు అవి ఒక శ్మశానవాటికలో ఉన్నాయి. ఆ శ్మశానం సాన్ ఇసిద్రో గుడికి ఆనుకునే ఉంది. దాని కింద మైదానంలోనే ఏటా మే 15న జనం ఊటనీళ్లు తాగడానికి వస్తారు.